బంతి మీద పెద్దాయన పేరు

మా కడప వైపు స్టీలు గిన్నె కొంటే ముందు దాని మీద పేరు కొట్టిస్తాం. పేరు లేని గిన్నె కూరతో పక్కింటికి వెళ్లిందంటే మళ్లీ ఇల్లు చేరదు. ఆ అలవాటు నాతోపాటే సౌదీలో అల్ ఖోబర్‌కు వచ్చింది. అజీజియాలో నేను పనిచేసే ఇంట్లో ఏ డబ్బా మీద అక్షరం చెరిగినా నా చెయ్యి ఊరుకోదు. నాకు అరబ్బీ చదవడం రాదు. అయినా మదామ్ రాసిన గీతల మీదే నల్ల పెన్నుతో మళ్లీ దిద్దుతాను. జీలకర్ర, దాల్చినచెక్క, ఎండు నిమ్మకాయ, అన్నీ నా దిద్దుబాటే. ఇంట్లో అందరూ నవ్వేవాళ్లు. ఆ నవ్వులాటే ఒకరోజు నా మెడకు చుట్టుకుంది.

హాల్లో అలమారాలో ఒక బేస్‌బాల్ ఉండేది. ఎర్రదారం కుట్లున్న తెల్లతోలు బంతి, చుట్టూ ఇంగ్లీషు సంతకాలు. ఆ ఇంటి పెద్దాయన వయసులో ఉండగా అమెరికాలో చదువుకుంటూ ఈ ఆట ఆడాడట. తిరిగొచ్చేటప్పుడు జట్టంతా బంతి మీద సంతకాలు పెట్టి, ఆయనతోనూ పెట్టించి ఇచ్చారట. నేను పనిలో చేరేనాటికే ఆయన లేరు. ఆయన భార్యను అందరం మామా అని పిలుస్తాం, అక్కడ అమ్మను అలాగే అంటారు. శుక్రవారం ఇల్లు ఖాళీ అయ్యాక మామా ఆ బంతిని ఒళ్లో పెట్టుకుని కూర్చునేది. ఒకసారి నా నల్ల పెన్ను అడిగింది. ఇచ్చి, తలుపు దగ్గరే నిలబడ్డాను. వెలిసిపోయిన ఒక సంతకం మీద ఊపిరి బిగబట్టి దిద్దుతోంది. కూడబలుక్కుని చదివితే అది పెద్దాయన పేరు. పెన్ను తిరిగి ఇచ్చేటప్పుడు, ఎవరికీ చెప్పొద్దని పెదవుల మీద వేలు పెట్టింది.

ఆ జట్టులో ఒకాయన తర్వాత పేరున్న ఆటగాడయ్యాడని మామా కొడుక్కి, అంటే మదామ్ భర్తకు, ఈమధ్యే తెలిసింది. అప్పట్నుంచి బంతికి ఎక్కడలేని మర్యాద మొదలైంది. ఇలాంటివి సేకరించే అమెరికన్ ఒకాయన తన ఆఫీసులో ఉంటే ఇంటికి పిలిచాడు. ఆయన గుడ్డ గ్లవుజులు తొడుక్కుని భూతద్దంతో చూస్తుంటే, ఆయన చెప్పేదంతా మదామ్ నాకు అరబ్బీలో అప్పజెప్పింది. వట్టి చేత్తో ముట్టకూడదు, జిడ్డుకు తోలు పచ్చబడుతుంది. ఎండ పడకూడదు, సిరా ఎగిరిపోతుంది. మా ఆవకాయ జాడీకి కూడా ఇన్ని ఆంక్షలు లేవనుకున్నాను. పేరున్న ఆటగాడి సంతకం అసలుదేనట. అందరి మొహాలూ విప్పారాయి.

అంతలో భూతద్దం ఒకచోట ఆగింది. పాత సిరా మీద కొత్త సిరా ఉందన్నాడు. ఒక్క సంతకం దిద్దినట్టు తేలినా, కొనేవాళ్లు మిగతావాటినీ అనుమానిస్తారట.

మదామ్ నావైపు తిరిగింది. "డబ్బాల మీద దిద్దినట్టు దీన్నీ దిద్దావా?"

నాకు ఒళ్లు మండింది. మామా లోపల నిద్రపోతోంది. నోటిదాకా వచ్చిన మాట మింగేసి తల దించుకున్నాను. వంటగదిలోకి వెళ్లమన్నారు. వెళ్లి మా అక్కకు ఫోన్ చేశాను.

"నేను కాదని ఒక్క మాట చెప్పేదానికి ఏం మే నీకు?" అని అరిచింది. "ఎగ్జిట్ కొట్టి ఇంటికి పంపించినారంటే పిల్లోళ్ల సదువులేం గావాల?"

"చెప్తే ముసలామె దొరికిపోతాది గదక్కా. నన్ను నమ్మింది ఆమె."

"ఆమె ఇల్లు, ఆమె కొడుకు. ఆమెనేం జేస్తారు? నీ బతుకు జూసుకో నువ్వు!"

అక్క చెప్పింది నిజమే, అందుకే ఏడుపొచ్చింది. ఫోన్ పెట్టేసేసరికి వంటగది గుమ్మంలో మామా, చేతికర్రతో నిలబడి ఉంది. కొడుకు గొంతు ఆమె గదిదాకా వినిపించిందట. డ్రాయర్ తెరిచి నా నల్ల పెన్ను తీసుకుంది. నా మణికట్టు పట్టుకుని హాల్లోకి నడిపించింది.

సోఫాలో కూర్చుని, టిష్యూ డబ్బాను దగ్గరికి లాక్కుని, దాని అట్ట మీద పెద్దాయన పేరు ఇంగ్లీషులో రాసింది. అక్షరాలకు బంతి మీద ఉన్న వాలే, చివర్లో అదే తోక.

"అమ్మా, నీకు ఇంగ్లీషు రాదు కదా!" అన్నాడు కొడుకు.

"రాదు. మీ నాన్న పేరొక్కటే వచ్చు. పెళ్లయిన కొత్తలో నా చెయ్యి పట్టుకుని నేర్పించాడు. మిగతావాళ్ల పేర్లు వెలిసిపోతే పోనీ. ఆయనది నా కళ్లముందే పోతుంటే చూస్తూ కూర్చోమంటావా?"

కొడుకు ఆ మాటలు ఇంగ్లీషులో చెప్పాక, అమెరికన్ భూతద్దం మడిచి జేబులో పెట్టుకున్నాడు. అదే జేబులోంచి ఒక బాల్‌పెన్ను తీసి మామాకిచ్చాడు. తోలు మీద ఈ సిరా పాకదట. మదామ్ నాకు క్షమాపణ చెప్పలేదు. ఆరోజు టీ మాత్రం తనే పెట్టి నాకో కప్పు ఇచ్చింది. నా కోపం సగమే తగ్గింది.

బంతి ఇప్పుడు మామా గదిలో, ఎండ తగలని మూల, అద్దంలాంటి పెట్టెలో ఉంది. ఈ చలికాలం నుంచి ఆమె చెయ్యి బాగా వణుకుతోంది. మొన్న శుక్రవారం పేరు మీద పెన్ను పెట్టి, మళ్లీ తీసేసింది. పెన్ను నా వేళ్ల మధ్య ఉంచి, తన చేత్తో నా చెయ్యి పట్టుకుని, మొదటి అక్షరం నుంచి నేర్పించింది. దిద్దావా అని మదామ్ ఇప్పుడు అడిగితే, దిద్దానని చెప్తాను.