పురుగు లేని వంకాయలు

మొన్న ఆదివారం బరంపురం లంజిపల్లి మలుపులో తోపుడు బండి దగ్గర వంకాయలు ఏరుతూ ఒక కాయకు కన్నం కనిపించి ఆగాను. బండివాడు నా తటపటాయింపును వేరేగా అర్థం చేసుకుని, "నెబొ మౌసా, పోకొ అచ్చి, ఔషధొ నాహిఁ!" అన్నాడు. ఒడియాలో, తీసుకో బాబాయ్, పురుగుంది, మందు లేదు అని. పురుగుందని గొప్పగా చెప్పి సరుకు అమ్మే కాలం వచ్చింది. నేను వరసగా పది కాయలు తిప్పి చూశాను. నాలుగింటికి ఒక్కో కన్నం, ఒకదానికి మూడు, మిగతా అయిదింటికి ఏమీ లేవు. ఏ కన్నానికి ఆ కన్నం వేరేగా ఉంది. నమ్మకం కుదిరి కిలో తీసుకున్నాను. వంకాయ కన్నాలు లెక్కపెట్టే ఈ అలవాటు నాకు మా మేనత్త నేర్పింది. దాన్ని జన్మలో పోకుండా చేసినవాడు ఆవిడ మరిది. ఆయన్ని మేము చిన్నమావ అనేవాళ్లం.

అత్త ఊరు దిగపహండికి నాలుగు మైళ్ల అవతల. భర్త పోయాక ముప్పై సెంట్ల వంగమడి ఒక్కటే ఆవిడ చేతిలో మిగిలింది. నేను పదో తరగతి రెండోసారి కూడా తప్పి, మా నాన్న ముఖం చూడలేక ఆవిడ దగ్గరికి పారిపోయాను. అప్పటికి నాకు పంతొమ్మిది. లెక్కలు నాకు బడిలో రాలేదు, ఆ మడిలోనే వచ్చాయి. తెల్లవారగానే ఇద్దరం చెరో సాలు పట్టి వాలిపోయిన మొవ్వులు గిల్లేవాళ్లం. "మొవ్వు వాలిందంటే లోన దొంగున్నాడురా. ఇల్లు కాల్సకు, గది పీకీసి అవతల పారీ" అనేది అత్త. గిల్లిన మొవ్వులన్నీ ఒక ముంతలో వేసి కాల్చేది. నేను లెక్క రాసేవాణ్ణి. మొదటి వారం రోజుకు ఎనభై పైన, మూడో వారానికి ముప్పై, నెల తిరిగేసరికి పదీ పన్నెండు. ఆ అంకెలు దిగుతుంటే నాకు కలిగిన ఆనందం ఏ పరీక్షలోనూ కలగలేదు. పొయ్యి బూడిద ఆకుల మీద చల్లేది, వేపాకు నానబెట్టిన నీళ్లు చీపురుతో జల్లేది, గట్టు మీద బంతి వేసేది. అంట్లకీ ఆ బూడిదే, తలకి కుంకుడుకాయ, సామాను కట్టుకోవడానికి చిరిగిన చీర ముక్క. ఆర్గానిక్ అనే మాట ఆవిడ చెవిన పడడానికి చాలా ముందు సంగతి ఇది. ఆవిడ దృష్టిలో అది సాగు, అంతే.

వంకాయ పురుగు గురించి ఒకమాట చెప్పాలి. పిల్ల పురుగు ముచ్చిక కింద, వెంట్రుకంత సందులోంచి లోపలికి దూరుతుంది. కాయ పెరిగేకొద్దీ ఆ సందు పూడిపోతుంది. మనకు పైన కనిపించే కన్నం అది తిని, బలిసి, బయటికి వచ్చిన దారి. పట్నంలో చాలామందికి ఈ సంగతి తెలియదు. చిన్నమావకీ తెలియదు. ఈ ముక్క గుర్తుంచుకోండి.

చిన్నమావకు అప్పట్లో బరంపురం పెద్ద బజారులో పురుగుమందుల కొట్టు. ఊరంతా ఆయన డబ్బాలే వాడేది. సొంత వదిన వాడకపోవడం ఆయనకు తలవంపుగా ఉండేది. రెండుసార్లు డబ్బా తెచ్చి అరుగు మీద పెట్టాడు. రెండుసార్లూ అత్త దాన్ని తిరిగి ఆయన సైకిలుకే తగిలించింది. మూడోసారి ఆయన డబ్బా తేలేదు. ఆ వారం మేము పొద్దుటి బస్సులో తట్ట వేసుకుని బజారుకు వెళ్లి కూర్చున్నాం. చుట్టూ బేరాలు జోరుగా ఉన్న వేళ ఆయన వచ్చి, తట్టలోంచి ఒక కాయ తీసి రెండుగా విరిచి, తెల్లటి పురుగును గోటి మీద ఎత్తి అందరికీ చూపించాడు.

"సూడండి బాబూ, మా వొదిన సాగు! కిలో కూర కొంటే మాంసం ఊరికే!"

బజారు బజారంతా నవ్వింది. అప్పటికి వంకాయలు సంచిలో వేసుకున్న ఆడమనిషి వాటిని తిరిగి తట్టలో కుమ్మరించి వెళ్లిపోయింది. ఆయన ఇంకో కాయ విరిచాడు, ఇంకోటి విరిచాడు. మధ్యాహ్నం బస్సులో తట్టతోనే తిరిగొచ్చాం. ఇంటికొచ్చి నేను ఉన్నవన్నీ కోసి చూశాను. విరిచినవాటితో కలిపి నూట ఇరవై ఆరు కాయలు. పుచ్చినవి తొమ్మిది. తొమ్మిదింటి పేరు చెప్పి నూట పదిహేడింటిని గేదె తింది. ఊళ్లో అత్తకు పురుగులమ్మ అని పేరు పడింది. పిల్లలు కూడా అలాగే పిలిచేవారు. ఆవిడ ఏడవలేదు. గేదెకు కాయలు వేస్తూ ఒక్కమాట అంది. "పురుగు తిన్నాదంటే మడిసి తినొచ్చని గదరా. ఈడికి అది సెప్పే రోజు నాకొస్తాది." ఆవిడ మరిచిపోతుందేమోనని నేను కాగితం మీద రాసి పెట్టుకున్నాను. ఆవిడ మరవలేదు. కాగితం అవసరం నాకే పడింది.

ఇరవై ఏళ్లు గడిచాయి. నేను బరంపురంలో ఇళ్లు కట్టే మేస్త్రీ దగ్గర కొలతలు వేసే పనిలో స్థిరపడ్డాను. గోడ చూసి ఇన్ని ఇటుకలు అని చెబితే బండికి పదికి మించి తేడా వచ్చేది కాదు. జనానికి మందుల భయం పట్టుకుంది. చిన్నమావ డబ్బాల కొట్టు ఎత్తేసి, లంజిపల్లిలో అద్దాల తలుపులతో ఆర్గానిక్ కొట్టు తెరిచాడు. బోర్డు మీద 'మా వొదిన తోట' అని రాయించి, ఏదో పెళ్లిలో తీసిన అత్త ఫోటో పెద్దది చేసి పెట్టించాడు. అంతకు ముందే మిఠాయి పొట్లంతో ఊరికి వెళ్లి, వారానికి రెండు తట్టల వంకాయలు ఇమ్మని అడిగాడు. అత్త ఇచ్చింది. ఎందుకిచ్చావని నేను కోప్పడ్డాను. "ఆడి కొట్లో నా సరుకుంటే, ఆడి కొట్లో నాకు మాటుంటాది" అంది.

ఒకరోజు పని మీద అటు వెళ్లి అద్దంలోంచి చూశాను. వంకాయలు నాలుగు తట్టలు ఉన్నాయి. మర్నాడు చూస్తే ఇంకో నాలుగు. అత్త మడి ఎంత విరగకాసినా వారానికి మూడు తట్టలు దాటదు, ఆ మడి లెక్క నాకు తెలుసు. అయితే మిగతావి ఎక్కడివి? ఒక కిలో కొని ఇంటికి తెచ్చి వరసగా పేర్చాను. పదకొండు కాయలు. ప్రతి కాయకూ రెండు కన్నాలు, ఒకే పక్క, ఒకే గుండ్రం. చీల్చి చూస్తే కన్నం బొటనవేలి గోరంత లోతుకు వెళ్లి ఆగిపోయింది. దారి లేదు, పురుగు తిని వదిలే నల్లటి పొట్టు లేదు, పురుగు లేదు. కన్నం ఉంటే మందు లేనట్టని కొనేవాళ్లు కన్నాలు వెతుకుతున్నారు కదా, ఎవణ్ణో కొట్లో కూర్చోబెట్టి గోనె కుట్టే దబ్బనంతో పొడిపిస్తున్నాడన్నమాట. అవి మందు కొట్టిన కాయలు, పైన అత్త ముఖం.

ఊరికెళ్లి చెప్పగానే అత్త గిల్లిన మొవ్వు ముంతలో వేసింది. తరవాత అడిగింది. "మందు కొట్టిన కాయలు తిని రేపు ఏ పిల్లగుంటకో వాంతులైతే, జనం ఎవుల్ని తిడతారు?"

"బోర్డు మీద ఉన్నవాళ్లని" అన్నాను.

"అయితే ఆగు."

కొట్టు పెట్టి ఏడాది అయినందుకు చిన్నమావ కొనుగోలుదార్లందరినీ పిలిచి ఫలహారాలు పెట్టాడు. అత్తను కుర్చీలో కూర్చోబెట్టి దండ వేస్తానని కబురంపాడు. ఆవిడ గోనెసంచిలో కత్తిపీట పట్టుకుని బస్సు దిగింది. నేనొక చిన్న తట్ట మోశాను. అంతా చప్పట్లు కొడుతుండగా ఆవిడ మెడలో దండతోనే కుర్చీ దిగి, నేల మీద కత్తిపీట వేసుకుని కూర్చుంది.

"మరిదీ, నీ కొట్లో వంకాయల తట్ట ఇలా తే."

"ఇప్పుడు కూరేటి వొదినా, టిఫిన్లున్నాయి గదా" అన్నాడు ఆయన నవ్వుతూ.

"నాను తినడానికి రాలేదు. ఆయేల నువ్వు బజారులో నాకు పురుగు సూపించినావు. ఈయేల నీ కొట్లో నాకొక్క పురుగు సూపించు. సాలు."

మొదటి కాయ కోసింది. రెండోది కోసింది. నేను గొంతు తగ్గించకుండా లెక్కపెట్టాను, "ఒకటి, సున్నా. రెండు, సున్నా." ఆ లెక్క పెట్టడంలో నాకు కలిగిన సుఖం దాచుకోను. ఇరవై ఒక్క ఏళ్లు దాచుకున్నది చాలు. ఎవరో రిటైరైన మాష్టారు, "ఇదేటండీ, పురుగు లేదని తగువేటి?" అని విస్తుపోయాడు. అత్త చీల్చిన కాయ ఆయన చేతికిచ్చింది. "సూడు బాబూ, కన్నముంది, దారేదీ? తలుపెట్టి ఇల్లు కట్టడం మరిసిపోయినాడు మా మరిది." ఆ మాష్టారు కాయను తిప్పి చూశాడు, ఇంకోటి అందుకున్నాడు, తరవాత చిన్నమావ కేసి చూశాడు. ఒకళ్ల నుంచి ఒకళ్లకు కాయలు చేతులు మారాయి. ఫలహారాలు ఎవరూ ముట్టలేదు.

"ఇరవై రెండు కాయలు, నలభై నాలుగు కన్నాలు, పురుగులు సున్నా" అని నేను ముగించాను.

అప్పుడు అత్త మేము తెచ్చిన తట్టలోంచి ఒక కాయ తీసింది. కోసింది. లోపల మెలికలు తిరిగిన దారి, నల్లటి పొట్టు, దారి చివర తెల్లటి పురుగు. దాన్ని గోటితో ఎత్తి, చిన్నమావ చెయ్యి పట్టుకుని అరచేతిలో పెట్టింది.

"మాంసం. ఊరికే."

ఆయన చెయ్యి ముడవనూ లేదు, విదిలించనూ లేదు. పురుగు మాత్రం నింపాదిగా నడిచింది. ఆ సాయంత్రమే మేమిద్దరం బోర్డు దింపి, ఫోటో ఊడబెరికి ఊరికి తీసుకుపోయాం. నెల తిరక్కుండా కొట్టు మూతపడింది.

ఇది జరిగి ఎనిమిదేళ్లు. చిన్నమావ ఇప్పుడు కొడుకు దగ్గర పక్షవాతంతో మంచం మీద ఉన్నాడు, నీకు జాలి కలగాలి అంటుంది మా ఆవిడ. రెండుసార్లు చూసొచ్చాను. రెండుసార్లూ ఆయన ఆ కుడి అరచేతినే చూశాను. జాలి ఇంకా రాలేదు. అత్తకు డెబ్భై ఆరు. ఇప్పటికీ మొవ్వులు గిల్లుతుంది, లెక్క మాత్రం నన్ను ఫోన్లో రాసుకోమంటుంది. ఆ ఫోటో వంటింట్లో బూడిద డబ్బా మీద మూతగా పనికొస్తోంది.

బండి దగ్గర కొన్న వంకాయలు ఆ రాత్రి నేనే తరిగాను. ఒకదాంట్లో పురుగు కనిపించింది. ముచ్చిక కింద అది దూరిన చోటు కోసం కళ్లద్దాలు పెట్టుకుని వెతికాను. కనపడలేదు. లోపలికి వెళ్లిన గాయాన్ని కాలం పూడ్చేస్తుంది, నిజమే. లోపలున్నది తింటూనే ఉంటుంది, దాని రోజు వచ్చాక అందరికీ కనిపించేంత కన్నం చేసుకుని బయటికి వస్తుంది.