పంజాగుట్టలో దారానికి వేలాడిన బంతి

ఆదివారం ప్రార్థన కూటంలో నేను పొగాకు మీద ప్రసంగించాలి. మా యువకుల్లో సగం మంది అమీర్‌పేటలో కంప్యూటర్ కోర్సులు చేస్తున్నవాళ్లే. క్లాసుకీ క్లాసుకీ మధ్య టీ, సిగరెట్. ఒకప్పుడు అమెరికాలో సిగరెట్ పెట్టెల్లో బేస్‌బాల్ ఆటగాళ్ల ఫొటోకార్డులు పెట్టి అమ్మేవారనీ, అలాంటిదొకటి పంజాగుట్టలో ఉందనీ తెలిసింది. కొని, అందరి ముందు తగలబెట్టాలనుకున్నాను.

ఉదయం పదింటికి సంచిలో లేఖనగ్రంథంతో మాసబ్ ట్యాంక్‌లో ఆటో ఎక్కాను, నలభై రూపాయలు. డ్రైవర్ చెవి మీద బీడీ చూసి ఖైరతాబాద్ దాకా ఉపదేశం చేశాను. "ఇంక ముట్టియ్యనే లేదు గద సార్, గింత గరమెందుకు?" అన్నాడు.

పంజాగుట్ట చౌరస్తా వెనక సందులో, మొదటి అంతస్తులో యాదగిరి అన్న పాత నాణేల దుకాణం. అగ్గిపెట్టెంత అట్టను జాగ్రత్తగా బయటికి తీశాడు. దాని మీద అంటించిన గోధుమరంగు ఫొటోలో బంతి పట్టబోతున్న ఆటగాడు. కింద సిగరెట్ పేరు.

"ఎంతకిస్తావన్నా? ఆదివారం కాల్చాలి."

"కాల్చనీకా? ఎంతిచ్చినా ఇయ్య. అంత మంటుంటే జిరాక్స్ తీసి కాల్చుకో!"

నేను గ్రంథం తీశాను. ఆయన భూతద్దం తీశాడు. "నీ పుస్తకం మస్తుగ సదివినవ్. గిది సుత జర సదువు."

చూశాను. బంతి పైన సన్నని దారం!

"స్టూడియోల తీసిన్రన్న. గప్పటి కెమెరాకు ఉరికే బంతి దొరకకపోయేది. అందుకే దారం కట్టి వేలాడదీసిన్రు. గీ బొమ్మల కోసం పిల్లలు సిగరెట్ తాగేటోళ్ల ఎంటపడేటోళ్లట."

భూతద్దం పక్కన పెట్టాను. ఖాళీ పెట్టె అట్టలతో ఆడుకోవడానికి, "నాన్నా, తొందరగా తాగెయ్" అని మా నాన్న వెంటపడింది నేనే. ఆయన దగ్గుతూనే నా కోసం ఆఖరిది వెలిగించేవాడు. ఇన్నేళ్ల ప్రసంగాల్లో ఎక్కడా చెప్పని ఆ మాట యాదగిరికి చెప్పాను. ఆయన నీళ్ల గ్లాసు నా ముందుకు జరిపి, "పోరనివి గదన్న అప్పుడు" అన్నాడు.

తర్వాత ఇద్దరం అమీర్‌పేటకు నడిచాం, ఇరవై నిమిషాలు. కార్డు నా చేతికివ్వలేదు, తన జేబులోనే పెట్టుకున్నాడు. జావా, ఒరాకిల్ బ్యానర్ల కింద దారం కనబడేంత పెద్దగా కలర్ జిరాక్స్ తీయించాం. పక్క మెస్సులో ముప్పై అయిదు రూపాయల భోజనం. గోంగూర పచ్చడి రెండోసారి అడిగి వేయించుకున్నాం.

కాల్చడం మానుకున్నాను. తప్పు ఒప్పుకోమని లేఖనం చెబుతోంది. నేను ఇన్నాళ్లూ ఎదుటివాళ్ల చేతే ఒప్పించాను. ఆదివారం ముందు ఆ దారం చూపిస్తాను, తర్వాత నాన్న సంగతి చెబుతాను. ఎందుకో మనసు తేలిగ్గా ఉంది.

మీరూ ఆ కార్డు కోసం వెళ్తే అమీర్‌పేటలో జిరాక్స్ పని పన్నెండు లోపు ముగించుకోండి. క్లాసులు వదిలితే అక్కడి సందుల్లో కాలు పెట్టే చోటుండదు. దుకాణానికి మాత్రం అగ్గిపెట్టె ఇంట్లోనే వదిలి వెళ్లండి. నా తర్వాత వచ్చేవాళ్ల జేబులు తడిమి చూస్తానన్నాడు యాదగిరి.