మసీదు నీళ్లు, గుడి మందారాలు

మేము దిల్‌సుఖ్‌నగర్‌లో కొత్తగా అద్దెకు దిగిన రోజులవి. మా వీధిలో గుడి, మసీదు పక్కపక్కనే ఉంటాయి. ఒక సాయంత్రం మసీదు గోడలోని పైపు నుంచి గుడి మందార మొక్కల్లోకి నీళ్లు పారడం చూశాను. ఒళ్లు మండింది. నమాజుకు వస్తున్న పెద్దాయనను ఆపి, “దేవుడి మొక్కల్లోకి మురికినీళ్లు వదులుతారా?” అని అందరి ముందూ దులిపేశాను.

పూజారిగారు పరుగున వచ్చారు. “గవి మురికినీళ్లు కావమ్మా, నమాజుకు ముందు కాళ్లు చేతులు కడుక్కున్న నీళ్లు. ఎండలకు మొక్కలు సస్తున్నయని నేనే అడిగితే, ఈ సాబే పైపు ఏయించిన్రు.”

నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. పెద్దాయన నవ్వి, “మీరు గూడ బియ్యం కడిగిన నీళ్లు జర తెచ్చి పొయ్యండమ్మా” అన్నారు.

అప్పటినుంచి రోజూ పోస్తున్నాను. మొన్న రెండు రోజులు మానేస్తే, ఆ పెద్దాయనే మా గుమ్మం ముందుకొచ్చి నన్ను దులిపేశారు. ఈ వీధి మాదే అనిపించింది మాత్రం ఆ రోజే.