సూది జారిన చోట

"...మీ కోసమే ఆగాను వదినా, ఇంకెవరి కోసం ఆగుతాను?"

"నా కోసం కాదు. పోయినసారి అక్కడ సూది జారింది కాబట్టి ఆగావు. ఇవాళ జారలేదు. అయినా చెయ్యెత్తి ఎదురుచూస్తూ కూర్చున్నావు."

సగం దించిన షట్టర్ అవతల, మెట్ల మీద కూర్చుని వైరు చుడుతున్న ఆవిడ భర్తకి ఈ మాటలు వినపడ్డాయి. ఆయనకి పనిచేసేది ఒక్క చెవే. ఆ చెవి లోపలికి తిప్పుకుని కూర్చున్నాడు.

ఆ గది ఒకప్పుడు ఆయన షాపు. సభలకీ స్కూలు వార్షికోత్సవాలకీ మైకులు అద్దెకిచ్చేవాడు. రికార్డులు పోయి క్యాసెట్లు, క్యాసెట్లు పోయి ఫోన్లు వచ్చాక షాపు మూతపడింది. రెండు రికార్డ్ ప్లేయర్లు, గీతలు పడిన రికార్డుల బస్తాలు మిగిలాయి. పాత సామాన్లవాడికి వేసేద్దామంటే ఆవిడ ఒప్పుకోలేదు. పాటల మీద ప్రేమ కొద్దీ అనుకుంటే పొరపాటు. ఒక రికార్డు దులిపి పెడితే, సూది ఒకచోట ఇరుక్కుని, పాడే మనిషి ఒక్క అక్షరం దగ్గరే తిరుగుతూ ఉండిపోయాడు. ఇంకొకరైతే సూది తీసేసేవారు. ఆవిడ తియ్యలేదు. తిరిగే పళ్ళేన్ని వేలితో కాస్త నొక్కి పట్టింది. గొంతు బరువెక్కి, మూలుగై, చివరికి ఎక్కడో లారీ ఎత్తు ఎక్కుతున్న చప్పుడైంది. స్టవ్ మీద గిన్నె మాడి వాసనొచ్చేదాకా అక్కడే ఉంది.

ఆ వేలి పట్టు ఉద్యోగంలో వచ్చిందే. కళ్ళజోళ్ళ షాపు వెనకగదిలో, తిరిగే రాయి మీద అద్దాల అంచులు అరగదియ్యడం ఆవిడ పని. ఎక్కువ నొక్కితే అంచు పెచ్చు లేచిపోతుంది. లేచిపోయే ముందు చప్పుడు మారుతుంది.

లోపల ఆవిడతో వాదిస్తున్నది మరిది, అంటే భర్త తమ్ముడు; చేతిలో గిటార్ అతనిదే. సాయంత్రాలు హోటల్ భోజనాల హాల్లో ఓ మూల కూర్చుని, ఎవరు ఏ పాట అడిగితే ఆ పాట వాయిస్తాడు. ఒక ఆదివారం వదిన చప్పుళ్ళని వెక్కిరిద్దామని గిటార్ పట్టుకొచ్చాడు. వెక్కిరింత మధ్యలో ఎక్కడో ఆగిపోయింది, వాయించడం ఆగలేదు. తర్వాతి వారం ఆవిడ విరిగిన కళ్ళజోడు కాడలు తెచ్చి తీగల మధ్య ఇరికించింది. దాంతో ఆ గిటార్ చెప్పిన మాట వినడం మానేసింది. ఇద్దరికీ ఒకటే నియమం: ఏం వాయించాలో ముందుగా అనుకోకూడదు.

వీధి పిల్లలు ఆవిడకి గరగరమ్మ అని పేరు పెట్టారు. పిలిస్తే పలికేది కూడా. ఎవరు పిలిచినా ఇద్దరూ వెళ్ళి వాయించేవారు. రంగుల దుకాణం ప్రారంభోత్సవానికి వాయిస్తుంటే ఒక పెద్దాయన లేచి, టెస్టింగ్ బాగానే అయిందమ్మా, ఇక మొదలుపెట్టండి అన్నాడు. సరేనండీ అని ఇంకో అరగంట అలాగే సాగించారు. లైబ్రరీలో వాయిస్తుంటే భరించలేక కరెంటు తీసేశారు. ఆవిడ పళ్ళేన్ని చేత్తో తిప్పుతూ, సూది దగ్గర చెవి పెట్టి, అయ్యేదాకా లేవలేదు. నా చెవి ఒకటి పోవడం మీకు కలిసొచ్చింది, రెండోది కూడా మీ పేర్న రాసిచ్చేస్తాను అన్నాడు భర్త.

పుస్తకాల షాపు మేడ మీద వాయించినదాన్ని ఎవరో ఫోన్‌లో రికార్డ్ చేశారు. అది చేతులు మారి ఒక పెద్ద ఆడిటోరియం మేనేజర్‌కి చేరింది. అతను వెతుక్కుంటూ కళ్ళజోళ్ళ షాపుకే వచ్చాడు. మధ్యలో సూది జారి, ఒక్క క్షణం ఏ చప్పుడూ లేకుండా పోయి, అప్పుడు గిటార్ పలికిన చోట తనకి ఒళ్ళు జలదరించిందన్నాడు. ఆదివారం మా హాల్లో అదే వాయించండి, ఏమీ మార్చొద్దు అన్నాడు. సూది జారింది పొరపాటున అని ఆవిడ చెప్పింది. ఆ పొరపాటే కావాలన్నాడు. ఆవిడ చూద్దామంది. మరిది దాన్ని సరే అన్నట్టే తీసుకున్నాడు. ఆ రికార్డింగ్ పెట్టుకుని తన వాయింపంతా బట్టీపట్టాడు.

ఇప్పుడు, కార్యక్రమానికి ముందురోజు, వైర్లు సరిచూద్దామని కూర్చుంటే చేతులు ఊరుకోక వాయించడం మొదలైంది. ఆవిడ రికార్డు సాఫీగా తిరుగుతూ ఉండగానే అతను టక్కున ఆగాడు. ఆవిడ సూది ఎత్తేసింది.

"బట్టీపట్టాను, నిజమే," అన్నాడు మరిది. "రోజూ ఎవరెవరివో వాయిస్తాను వదినా. తినేవాళ్ళు తలెత్తరు. ఇన్నాళ్ళకి మనది మళ్ళీ వినాలని ఒక మనిషి అడిగాడు. మనది. అది తప్పా?"

ఆవిడ రికార్డుని గుడ్డతో తుడిచింది.

"తప్పు కాదు. కానీ ఆ రోజు సూది జారితే నీకు గుండె జారింది. నాకేసి చూశావు. ఆ చూపులోంచి వచ్చిందయ్యా ఆ పలుకు. ఇవాళ నువ్వు విన్నది నన్ను కాదు, ఫోన్‌లో ఉన్నదాన్ని. నేనింకా ఇక్కడే ఉన్నాను కదా."

భర్త షట్టర్ కింద నుంచి తల వంచి చూసి, వాడంత ఆశపడుతుంటే ఒక్కసారికి సూది జారినట్టు నటించరాదా అన్నాడు. నటించేదాన్నైతే నాటకాల కంపెనీలో చేరేదాన్నంటూ ఆవిడ ఫోన్ తీసింది. మేనేజర్‌కి చేసి, మరిదికి కూడా వినపడేలా స్పీకర్ పెట్టింది. వస్తాం గానీ అదే వాయించడం కుదరదని చెప్పింది.

మేనేజర్ మర్యాదగానే మాట్లాడాడు. జనం వచ్చేది దానికోసమే అన్నాడు. కుదరదంటే వేరేవాళ్ళని పెట్టుకుంటాననీ, మళ్ళీ పిలవడం మాత్రం కష్టమనీ అన్నాడు.

మరిది గిటార్‌ని ఒళ్ళోంచి దించి గోడకి ఆనించాడు. ఒక్క నిమిషం అండీ అని ఆవిడ ఫోన్ బల్ల మీద పెట్టి, వెళ్ళి ఆ గిటార్ తెచ్చుకుని తన ఒళ్ళో పెట్టుకుంది. మెడ ఎటు పట్టుకోవాలో తెలియక రెండుసార్లు తిప్పింది. మరిది కళ్ళప్పగించి చూశాడు. ఆవిడ రికార్డ్ ప్లేయర్ ముందున్న స్టూలు వైపు గడ్డంతో చూపించింది. అతను లేచి వచ్చి దాని మీద కూర్చున్నాడు. చేతులు ఎక్కడ పెట్టాలో తెలియక మోకాళ్ళ మీద పెట్టుకున్నాడు.

ఆవిడ ఫోన్ వైపు వంగింది.

"వేరేవాళ్ళెందుకండీ, మేమే వస్తున్నాం. కాకపోతే రేపు గిటార్ నేను వాయిస్తాను, రికార్డులు మా మరిది తిప్పుతాడు. నాకు గిటార్ రాదు, అతనికి సూది దించడం రాదు; మీరడిగిన పొరపాట్లు బోలెడు దొరుకుతాయి. బయట బోర్డు మీద అలాగే రాయించండి."