రాఘవేందర్ ఆదివారాలు

రాఘవేందర్ పోయాడని గద్వాల నుంచి శిరీష ఫోన్ చేస్తే నమ్మలేక డైరీ తీశాను. మొన్నటి ఆదివారం పేజీలో ఉంది: ‘తొమ్మిదింబావుకు వచ్చాడు. తలుపు వేసుకున్నాడు.’

నేత కుటుంబంలో పుట్టి కంప్యూటర్ నేర్చినవాడు. చీర అంచు బొమ్మను మగ్గానికి తగిలించే చిల్లుల అట్టలుగా మార్చే ప్రోగ్రాం ఒక్కడే రాశాడు. గద్వాలలోని మా డిజైన్ కేంద్రం దానిమీదే నడిచేది. అక్కడ రికార్డులు నేను చూసేవాణ్ణి.

అతను దాన్ని రాసిన పాత కంప్యూటర్ భాష కొత్త యంత్రాల్లో నడవదు. మిగిలిన ఒక్క పాత కంప్యూటర్ ఆగితే పని మొత్తం ఆగుతుంది. కొత్త భాషలో తిరగరాద్దామని అతని కింద చేరిన శిరీష రెండేళ్లు అడిగింది. “వచ్చిన ప్రతి భాషా నేనే ఆఖరుదాన్నంటది. జర ఆగు బిడ్డా” అని దాటేసేవాడు. గుట్టు తన చేతిలోనే ఉంచుకోవాలని ఈ ఎత్తు, అని డైరీలో రాసుకున్నాను.

నేను రిటైరై వనపర్తి వచ్చాక, ఆదివారాలు మా ముందుగది కావాలన్నాడు. గద్వాలలో ఎవరికీ చెప్పొద్దన్నాడు. ప్రోగ్రాంను బయటివాళ్లకు అమ్ముతున్నాడని నా అనుమానం. వచ్చే వేళ, పోయే వేళ రాసిపెట్టాను. ఒకరోజు చాయ్ నెపంతో తలుపు తోశాను. తెర నిండా తప్పులు చూపే ఎర్ర గీతలు. కొత్త భాషలో ఒకటి నుంచి పది లెక్కపెట్టే మొదటి పాఠం దగ్గరే చిక్కుకున్నాడు.

“ఎవరికి అమ్ముతున్నవ్?” అన్నాను.

“గీ తప్పులనా? ఎవడు కొంటడన్నా” అని నవ్వాడు. తర్వాత గొంతు తగ్గింది. “ఆడ అందరు నన్నే అడుగుతరు. ఆడ కూసొని పోరగాని లెక్క తప్పులు చేస్తె ఏం మొఖం పెట్టుకోను? పాత భాషల ఒక్కొక్క పోగు నేనే చెప్పాలె. దీంట్ల ఏం కావాల్నో చెప్పి ఊకోవాలంట. నా చేతులు ఊకుంటలేవు.”

అప్పటికీ పూర్తిగా నమ్మలేదు. మరుసటి ఆదివారం తనే వాళ్ల నాయన సంగతి ఎత్తాడు. ఎంత చేయి తిరిగినవాడైనా కొత్త మగ్గం మీద మొదటి బట్టలో తప్పులు పడేవట. వాళ్లింట్లో దాన్ని అమ్మరు, పారేయరు, పెట్టెలో దాస్తారు. అయితే నీ బట్ట శిరీషకు చూపించు అన్నాను.

నాయన మొదటి బట్ట సంగతి చెప్పి మరీ చూపించాడు. ఆమె పక్కన కుర్చీ వేసుకుని నేర్పమన్నాడు. ప్రోగ్రాం చాలావరకు కొత్త భాషలోకి వచ్చింది. సోమవారం తడబడకూడదని, ఆదివారాలు మాత్రం మానలేదు.

చీర అంచును చీర ఒంటికి కలిపే భాగం మిగిలిపోయింది. అందులో ప్రతి పోగూ ఎరిగినవాడు ఇక లేడు. శిరీష పట్టు వదల్లేదు. నిన్న కేంద్రానికి వెళ్తే అతను రాసిన ఆ మొదటి పాఠం చూపించింది. ఎర్ర గీతలు అలాగే ఉన్నాయి.

“దిద్దుదామంటే చెయ్యి పోతలేదు సార్. గిది మొదటి బట్ట కదా.”

అతన్ని అనుమానించిన పేజీలు నా దగ్గరున్నాయి. నేనూ వాటిని దిద్దను.