రెండొందల కేబీల చెరకు

అనకాపల్లి కొత్త జిల్లా అయిన ఏడాది నన్ను అక్కడికి మండల వ్యవసాయాధికారిగా బదిలీ చేశారు. పొలాల తిరుగుడుతో పాటు శాఖవారి ఆన్‌లైన్ ఫోరం కూడా నా మెడకు చుట్టారు. పద్ధతి ఇది: రైతు తన పంట ఫోటో, ప్రశ్న అందులో పెడతాడు. నేను చూసి పైకి పంపుతాను. శాస్త్రవేత్త జవాబు రాస్తారు. నేను ‘పరిష్కారమైంది’ అని నొక్కుతాను. నెలాఖరు సమీక్షలో పై అధికారి అడిగేది ఆ నొక్కుళ్ల గురించే. పంట బతికిందా పోయిందా అని అడగగా నేనెప్పుడూ వినలేదు.

ఫోరంలో రెండొందల కేబీ దాటిన ఫోటో ఎక్కదు. కాబట్టి తగ్గించాలి. మొత్తం ఫోటోను కుదిస్తే అందులోని ప్రతిదీ కుదించుకుపోతుంది. అలా కాక, కావలసిన ముక్క మాత్రం కత్తిరించి పెడితే ఆకు మీది మచ్చ కూడా కనిపిస్తుంది. ఇది చెప్పీ చెప్పీ నా గొంతు పోయింది. మా రైతులకు ఫోటో అంటే పండగ. తల దువ్వుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని, భార్యనీ మోటార్‌సైకిల్‌నీ పక్కన నిలబెట్టుకుని గానీ తీయించుకోరు. అదంతా రెండొందల కేబీల్లోకి కుదించాక, పంట ఎక్కడో వెనకాల పచ్చగా అలికినట్టు ఉంటుంది.

సన్యాసినాయుడు అనే రైతు ఫోటో సరిగ్గా అలాగే వచ్చింది. చెరకు ఆకులు ఎండుతున్నాయట. ఆ తోటలోంచే విత్తనానికి ముచ్చెలు, అంటే నాటే చెరకు ముక్కలు, రాంబిల్లి వైపున్న తోడల్లుడికి ఇస్తానని మాటిచ్చాడట. ఇవ్వవచ్చా అని ప్రశ్న. వచ్చింది ఎర్రకుళ్లు తెగులైతే, అది ముచ్చెతో పాటే వెళ్లి ఆ తోడల్లుడి పొలాన్ని కూడా తినేస్తుంది. ఫోన్ చేసి, మనుషుల్ని తీసేసి చెరకు ఒక్కటే పెద్దగా పెట్టమన్నాను.

పెట్టాడు. ఫోరంలో అంత చక్కని ఫోటో నేను చూడలేదు. గడలు నిగనిగలాడుతున్నాయి. లైకులు కుప్పలుగా పడ్డాయి. పంట ఆరోగ్యంగా ఉంది, ముచ్చెలు వాడుకోవచ్చు అని శాస్త్రవేత్త రాసేశారు. నేను నొక్కబోయి ఆగాను. ఎండుతోందని మొత్తుకున్న మనిషి పంపిన ఫోటోలో ఒక్క ఎండుటాకైనా లేదేమిటని ఒళ్లు మండింది. స్కూటీ తీశాను.

వెళ్లేసరికి ముచ్చెల కట్టలు ట్రాక్టర్‌లోకి ఎక్కిస్తున్నారు. తోడల్లుడు కూడా ఒక చెయ్యి వేస్తున్నాడు. ఫోటోలోని దుబ్బు గట్టు పక్కనే దర్జాగా ఉంది. నాలుగు సాళ్లు అవతల దుబ్బులకు దుబ్బులే మాడిపోయాయి. వీటినెందుకు ఫోటో తీయలేదయ్యా అని అరిచాను.

“నలుగురూ సూసే ఫోటోలో ఎండిపోయిన సెరుకేటి మేడమ్, బాగోదు కదా? మంచి దుబ్బు ఏరి మరీ తీసేను” అన్నాడు నాయుడు.

ఆయన భార్య నూకాలమ్మ అందుకుంది. “దానికి నీళ్లు సల్లి, గుడ్డెట్టి తుడిసి మరీ తీసేడు మేడమ్. నాకెప్పుడూ అంత సేవ సెయ్యలేదు.”

ఎండిన గడ ఒకటి నరికించి నిలువునా చీల్పించాను. లోపలంతా ఎరుపు, ఆ ఎరుపుకు అడ్డంగా తెల్లమచ్చలు, పులిసిన కల్లు వాసన. ఎర్రకుళ్లుకు వేరే సాక్ష్యం అక్కర్లేదు. ట్రాక్టర్‌లో ఎక్కించినదంతా దింపించాను. తెగులు దుబ్బులు వేళ్లతో సహా తవ్వి తగలబెట్టాలని, ఆ తోటలోని ఒక్క ముచ్చె కూడా విత్తనానికి పనికిరాదని చెప్పాను. నాయుడు గట్టు మీద కూలబడ్డాడు. తోడల్లుడి మొహం చూడలేక ఏడ్చేశాడు.

“నీ పొలం నాశనం సేసేసేవోణ్ణి బావా.”

“సెయ్యలేదు కదా, లే” అన్నాడు తోడల్లుడు. నాకున్న కోపమంతా అక్కడితో పోయింది.

చీల్చిన గడను నేనే ఫోటో తీసి, ఎర్రగా ఉన్న ముక్క వరకు కత్తిరించి ఫోరంలో పెట్టాను. శాస్త్రవేత్త జవాబు మార్చారు. నా ఫోటోకు మాత్రం ఒక్క లైకూ రాలేదు.

రిటైరయ్యేదాకా ఫోటో సైజు సంగతి రైతులకు రెండోమాటగానే చెప్పాను. మొదటిమాట, మీ పొలంలో అన్నిటికన్నా చెడ్డ మొక్క దగ్గరకు వెళ్లి నిలబడండి అని. ఇస్త్రీ చొక్కా వాళ్ల ఇష్టానికే వదిలేశాను.