కాటుక పెట్టిన వెనక లైట్లు

మా కారు వెనక లైట్లకి నల్ల ఫిల్ము అంటించింది నేనే. ఎవరో అడిగితే చేసిన పని కాదు. నా చేత్తో, నా కారుకి, ముచ్చటపడి అంటించుకున్నాను. ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే సంగతిని నాన్చే ఓపిక నాకు లేదు. ఓపిక లేకపోవడం నా పుట్టుబుద్ధి. నేను కుదురుగా కూర్చుని టీ తాగడం పెళ్ళయిన దగ్గర్నుంచీ చూడలేదని మా ఆవిడ అందరికీ చెప్తుంది.

బందరులో నాది స్టిక్కర్ల కొట్టు. నంబరు ప్లేట్లు, ఆటోల వెనక పేర్లు, స్కూలు బస్సుల చుట్టూ మెరిసే రేడియం పట్టీలు, అన్నీ నేనే కోసి అంటిస్తాను. ఈ మధ్య కుర్రకారంతా వెనక లైట్లకి స్మోక్ ఫిల్ము కావాలని రావడం మొదలుపెట్టారు. సబ్బునీళ్ళు చల్లి, వేడిగాలి మిషన్‌తో మెత్తబరిచి, లైటు వంపుల మీదుగా లాగి అంటిస్తే ఎర్రటి గాజు కాస్తా నల్లగా నిగనిగలాడుతుంది. మా పాత తెల్లకారు రోజంతా కొట్టు ముందే ఉంటుంది కాబట్టి దానికి అంటిస్తే ఖర్చులేని ప్రకటన అవుతుందనుకున్నాను. పట్టపగలు మా ఆవిడని లోపల కూర్చోబెట్టి బ్రేకు తొక్కమని, పది అడుగులు వెనక్కి నడిచి చూశాను. వెలుగు కనిపించింది, చాలనుకున్నాను. ఆవిడ దిగి వచ్చి చూసి, "కారుకి కాటుక పెట్టారా?" అంది. "దిష్టి తగలకుండా" అన్నాను.

కొన్నాళ్ళకి ఒక బ్రేకు ఇన్‌స్పెక్టరు గారు సొంత బండికి నంబరు ప్లేటు చేయించుకోవడానికి మా కొట్టుకి వచ్చారు. ప్లేటు ఆరేలోపు మా కారు వెనక నిలబడి తల అడ్డంగా ఊపారు. "ఇది తప్పండీ. కంపెనీ ఇచ్చిన లైటుని ఇలా మార్చకూడదు. వెనక లైటు ఎర్రగా దూరానికి కనపడాలి. లైటు పాడైనా రిఫ్లెక్టరన్నా మెరవాలి, మీరు దాన్ని కూడా మూసేశారు. రోడ్డు మీద దొరికితే ఫైను రాస్తాం" అని మర్యాదగానే చెప్పారు. "తీసేస్తానండీ" అన్నాను. ఆయన అటు వెళ్ళగానే, కొత్త కార్లు కొన్ని షోరూములోంచే నల్ల లైట్లతో వస్తున్నాయి కదా, నా దగ్గరే వచ్చిందా తప్పు అని గొణుక్కున్నాను. ఆ కార్ల లైట్లని ఆ నలుపుకి తగ్గట్టే తయారుచేసి, పరీక్షించి వదులుతారని నాకు తెలుసు. తెలిసే గొణుక్కున్నాను, ఫిల్ము తీయలేదు.

ఇక మా డెల్టా రోడ్ల మీద మంచు సంగతి చెప్పాలి. కోతలయ్యాక చేలల్లో గడ్డి తగలబెట్టిన పొగ, కాలువల మీంచి లేచే మంచు కలిసి తెల్లారుజామున రోడ్డుని మింగేస్తాయి. ఒక పక్క కాలువ, చాలాచోట్ల పిట్టగోడ కూడా ఉండదు. అందుకని ముందు వెళ్ళే బండి ఎర్రలైటు పట్టుకుని వెనకవాళ్ళు వెళ్తారు. ముందువాడు కూడా తన దారిన తను పోడు. మలుపు వచ్చిందంటే బ్రేకుని రెండుసార్లు తాకిస్తాడు, వెనకవాడికి తెలియాలని. ఎక్కడా రాసిపెట్టిన రూలు కాదు, లారీ దగ్గర్నుంచి మోపెడ్ దాకా అందరూ పాటించేది.

మోపెడ్ మీద జంటగా వెళ్ళే చేపలవాళ్ళు ఇందులో పని పంచుకుంటారు. నడిపే మొగుడు రోడ్డు అంచు మీంచి చూపు తిప్పడు. వెనక కూర్చున్న పెళ్ళాం ముందు బండి లైటునే చూస్తూ, అది రెండుసార్లు మెరవగానే మొగుడి భుజం మీద తడుతుంది. ఈ సంగతి మాకు చెప్పింది ఆదివారాలు మా వీధికి చేపలు తెచ్చే అక్క. మొగుడూ పెళ్ళాలది దివిసీమలో పాలకాయతిప్ప వైపు ఊరు. బందరులో హార్బరు దగ్గర అద్దెకుండి, తక్కిన రోజుల్లో చేపల గంపతో గుడివాడ వెళ్ళేవాళ్ళు. "మంచులో మా ఆయనకి కళ్ళు నేనే తమ్ముడూ. ఆ ఒక్క గంటే ఆయన నా మాట వినేది" అని మా గుమ్మంలో చేపలు కోస్తూ నవ్వేది.

ఆ బుధవారం నాకు గుడివాడలో పని. ఒక కాలేజీ బస్సులకి కొత్త పేర్లు అంటించాలి, బస్సులు పిల్లల కోసం బయల్దేరేలోపు అయిపోవాలి. తెల్లారుజామున ఫజర్ నమాజు చేసుకుని కారు తీశాను. ధనుర్మాసం పాటలు మైకులో వినపడుతున్నాయి గానీ మంచులో గుడి ఎక్కడుందో కనపడటం లేదు. పెడన దాటాక అద్దంలో ఒంటి దీపం కనిపించింది. ఎవరో నా వెనక పడ్డారు. నాకు సంతోషమే అనిపించింది, వాళ్ళ కోసం కొంచెం నెమ్మదించాను కూడా. కాలువ పక్క మలుపు వచ్చింది. పద్ధతి ప్రకారం బ్రేకు రెండుసార్లు తాకించి తిరిగాను. తిరిగాక అద్దంలో చూస్తే దీపం లేదు. ఏ పల్లెలోకో మళ్ళి ఉంటారనుకున్నాను. గుడివాడలో బస్టాండు ఎదురుగా టీ తాగి పని చేసుకున్నాను.

ఆదివారం అక్క రాలేదు. ఆవిడ బదులు వచ్చిన మరో చేపలావిడ మా ఆవిడకి చెప్తుంటే లోపల్నుంచి విన్నాను. బుధవారం మంచులో పెడన దాటాక కాలువ మలుపు దగ్గర వాళ్ళ మోపెడ్ కాలువలోకి పోయిందట. ట్రాక్టరు వాళ్ళు చూసి పైకి లాగారట. అక్కకి గీరుకుపోవడంతో సరిపోయింది, ఆయనకి తొడ ఎముక విరిగి లోపల రాడ్డు వేశారట. "ఏం చేస్తాం, పెళ్ళాం వెనకాల కూర్చుని కునుకు తీసిందంట" అని ఆవిడ ముగించింది.

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, ఎవరూ నన్ను అడగకపోయినా చెప్పులు కూడా వేసుకోకుండా కారు దగ్గరికి పరిగెత్తాను. ఆ సాయంత్రం మసక పడ్డాక మా ఆవిడని మళ్ళీ బ్రేకు తొక్కమన్నాను. ఈసారి పది అడుగులు కాదు, వీధి చివరిదాకా నడిచాను. మామూలు లైటు నలకలా కనిపించింది. బ్రేకు తొక్కినప్పటికీ తొక్కనప్పటికీ తేడా ఏమీ తెలియలేదు. "తొక్కావా?" అని అరిచాను. "తొక్కే ఉన్నానండీ" అని అరిచింది. మంచు లేకుండానే ఇది.

అప్పటికప్పుడు ఫిల్ము పీకేశాను. గోళ్ళు చిట్లి రక్తం వచ్చినా ఆపలేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే. మర్నాడు నాకు తెలిసిన ఒక లాయరు గారిని, ఎవరి సంగతో అడుగుతున్నట్టు అడిగాను. "ఫిల్ము వేయడం తప్పే. కానీ ఆ కారు అదేనని చెప్పేవాళ్ళు లేరు, ఇప్పుడు ఫిల్మూ లేదు. మీవాణ్ణి నోరు మూసుకుని ఉండమనండి" అన్నారు. మూసుకున్నాను. తేలు కుట్టిన దొంగలా మూడు వారాలు తిరిగాను. అంటించిన స్టిక్కర్లు వంకర వస్తున్నాయి. ఒకాయన కారు నంబరులో ఒక అంకె తప్పు కోశాను. రాత్రి అన్నం కూడా నిలబడే తింటున్నానని మా ఆవిడకి ఒళ్ళు మండి అడిగితే, ఆవిడకి మాత్రం చెప్పాను. అంతా విని, "అయితే ఆ అక్క నిద్రపోలేదన్నమాట" అంది. నాకు అంతవరకూ ఆయన కాలే కనపడుతోంది, నన్ను పట్టుకుంటారేమోనన్న భయమే కనపడుతోంది. ఆ ముక్క నా బుర్రకి తట్టనే లేదు. సిగ్గేసింది.

వాళ్ళు బందరు గది ఖాళీ చేసి దివిసీమ వెళ్ళిపోయారని తెలిసింది. ఒకసారి కారు తీసుకుని బయల్దేరి చల్లపల్లి దాకా వెళ్ళి, ఏదో పని గుర్తొచ్చినట్టు నాకు నేనే నటించుకుని తిరిగొచ్చాను. రెండోసారి ఎక్కడా ఆగలేదు. మోపిదేవి, అవనిగడ్డ, కోడూరు దాటాను. ఊళ్ళో ఇల్లు అడిగితే ఒకతను, "ఆ నిద్రపోయినావిడ ఇల్లా?" అని దారి చూపించాడు.

అక్క వాకిట్లో కూర్చుని రొయ్యలు ఒలుస్తోంది. నన్ను చూసి సంతోషపడింది, పలకరించడానికి వచ్చాననుకుంది. బావ లోపల మంచం మీద ఉన్నాడంది. మనిషి చిక్కిపోయింది. నేను కూర్చోలేదు. ఎలా మొదలుపెట్టాలో తెలియక, "ఆ రోజు ముందు బండి లైటు కనపడలేదా అక్కా?" అన్నాను.

"సన్నగా కనపడతానే ఉంది తమ్ముడూ. మలుపొస్తే మెరుస్తుంది కదా అని ఆయన భుజం మీద చెయ్యేసుకునే కూర్చున్నా. మెరవలా. ఒక్కసారే నీళ్ళు." ఒలిచిన రొయ్యని గిన్నెలో వేసింది. "ముందు బండివాడు మలుపులో బ్రేకు తాకించకుండా పోడుగా. మనూళ్ళల్లో అట్టాంటివాడు ఉండడు. అంటే నేనే నిద్రపోయి ఉంటా. మేలుకునే ఉన్నాననిపిస్తది నాకు. నిద్రపోయినోళ్ళకి అట్టాగే అనిపిస్తదంట, మా అత్త అంటది. ఆయనైతే నాతో మాట్లాడటమే మానేశాడు."

నేను చెప్పాను. "ఆ ముందు కారు నాదక్కా."

ఆవిడ చెయ్యి ఆగింది. "బ్రేకు తాకించావా?"

"రెండుసార్లు తాకించాను. లైటుకి నల్ల కాయితం అంటించి ఉంది. లోపల వెలిగింది, బయటికి రాలేదు."

"నల్ల కాయితం ఎందుకు అంటించావు?"

దానికి నా దగ్గర ఒకటే జవాబు ఉంది. "అందంగా ఉంటుందని."

తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండుననుకున్నాను. ఆవిడ లేచి, చేతులు కడుక్కుని, కొంగుకి తుడుచుకుంది. బావ కాలు సంగతి నేను చూసుకుంటానని ఏదో చెప్పబోయాను. "అది తర్వాత. ముందు లోపలికి రా" అంది.

మంచం మీద బావ గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు. "చెప్పు" అంది ఆవిడ. మొదట్నుంచీ చెప్పాను. ఆయన ఇటు తిరగడానికి చాలాసేపు పట్టింది, కాలు కదపలేక. నా మొహం చూసి, "నిన్నేమనాలో నాకు తెలీట్లేదు" అన్నాడు. అని పెళ్ళాం వైపు చూశాడు. ఆవిడ ఆ చూపు దగ్గర ఆగలేదు, నా చెయ్యి పట్టుకుని పెరట్లోకి లాక్కెళ్ళింది. అక్కడ వాళ్ళ అత్త ఎండు చేపలు తిరగేస్తోంది. "చెప్పు" అంది మళ్ళీ. ముసలావిడకి చెవులు సరిగ్గా వినపడవు, అరిచి చెప్పాల్సి వచ్చింది. పక్కింట్లో చెప్పించింది. ఎదురింట్లో చెప్పించింది. పాక కింద వలలు బాగుచేసుకుంటున్న వాళ్ళని పిలిచి, పని ఆపమని చెప్పించింది. ఒకతను నా చొక్కా పట్టుకున్నాడు. "వదులు, ఇంకా చెప్పాలి" అని అక్కే విడిపించింది.

ప్రతిచోటా నేను చెప్పడం అయ్యాక ఆవిడ ఒక్క మాటే అనేది. "నేను మేలుకునే ఉన్నా." ఒకళ్ళ కళ్ళలోకి చూసి అనేసి, వాళ్ళు ఏమంటారో వినకుండా పక్క గుమ్మానికి నడిచేది. జీవితంలో మొదటిసారి నేను ఒక మనిషి నడకని అందుకోలేకపోయాను.

వీధి అయిపోయింది. ఇక చెప్పడానికి ఎవరూ మిగల్లేదనుకుని నిలబడ్డాను. ఆవిడ నా కారు తలుపు తీసుకుని ఎక్కి కూర్చుంది. అప్పటిదాకా గట్టిగానే ఉన్న మనిషి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడుస్తోంది.

"ఎక్కడికక్కా?" అన్నాను.

"మా పుట్టింటికి. మా అమ్మ కూడా నిద్రపోయాననే నమ్మింది తమ్ముడూ."